సెల్ఫ్ మొరాయించిన రోజు

లారీల షెడ్డు. ఉదయం పదింపావు. మేస్త్రీ లారీ కింద పడుకుని ఉన్నాడు. లారీ అతని బామ్మర్దిది. వాడు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మేస్త్రీ భార్య, అంటే ఆ బామ్మర్దికి అక్క, పనిముట్ల బోర్డు దగ్గర నిలబడి ఉంది.

"మళ్ళీ కొట్టరా సెల్ఫు."

"కొట్టాను బావా. టక్కుమంది, అంతే."

"ఇంకోసారి."

"ఎన్నిసార్లు? టక్కు, టక్కు, టక్కు. ఇరవై రోజులు నా ఇంజను ముక్కలు ముక్కలు చేసి మళ్ళీ బిగించావు. చివరికి నాకు మిగిలింది ఈ టక్కేనా?"

"వాగకు. లైట్లు వేసి కొట్టు. ఏమవుతున్నాయి?"

"కొంచెం మసకబారుతున్నాయి, ఆరిపోవట్లేదు."

"అంటే బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫు లాగుతోంది. ఇంజనే కదలట్లేదు. ఏదో పట్టేసింది."

"ఏదో ఏంటి బావా, ఏదో? మేస్త్రీవి నువ్వా, నేనా?"

"అరవకురా, ఆలోచించుకోనీ. ఏమేవ్! పనిముట్లన్నీ బోర్డెక్కాయా?"

"ఎక్కాయండీ."

"రింగు పానాలు?"

"ఉన్నాయి."

"ఫ్లైవీలు పిన్ను?"

"ఉంది."

"అదేం పిన్ను బావా?"

"నట్లు బిగించేటప్పుడు ఫ్లైవీలు తిరక్కుండా అడ్డం పెట్టేది. అది తియ్యడం మర్చిపోతే ఏనుగొచ్చి లాగినా ఇంజను కదలదు."

"మరి లేచి చూడు! నాలుగడుగులు లేదు బోర్డు."

"చూడక్కర్లేదు. మీ అక్క ఉందంటే ఉన్నట్టే. పద్నాలుగేళ్ళుగా బిగించేది నేను, పనిముట్లు సరిచూసేది అది. దాని నోట్లోంచి 'ఉంది' అని రాకుండా ఈ షెడ్డులో ఏ ఇంజనూ తిరగలేదు."

"సరే, మీ ఆనవాయితీలు మీరు చూసుకోండి. పదకొండింటికి మిల్లు గేటు దగ్గర నా బండి కనపడాలి. ఏడాది లోడు బావా! కనపడలేదనుకో, వెనకున్న లారీకి ఇచ్చేస్తారు. బండి అమ్ముకుని మళ్ళీ ఎవడి దగ్గరో క్లీనరుగా చేరాలి నేను. పెళ్ళాం బిడ్డలు ఉన్నవాణ్ణి."

"తెలుసురా. ఆ పొడుగు రాడ్డు ఇలా అందివ్వు. పుల్లీకి వేసి చేత్తో తిప్పి చూస్తా... ఊహూ. ఇంకొంచెం... అబ్బే. బండరాయిలా ఉంది."

"కొంప ముంచావు బావా."

"నిన్న సాయంత్రం ఒంటిచేత్తో తిప్పాను! వెన్నలా తిరిగింది! నువ్వూ చూశావు కదే?"

"చూశానండీ."

"మరి తెల్లారేసరికి ఏమొచ్చింది దీనికి?"

"నాకేం తెలుసు. మేస్త్రీ మీరే కదా."

"బేరింగు క్యాపులు తారుమారు చేసుంటావు బావా, అందుకే పట్టేసింది. ఒకటో నంబరుది మూడులో, మూడోది ఇంకోదాన్లో. కళ్ళజోడు మార్చుకోమంటే వినవు."

"నంబర్లు చూసే వేశానురా. మూడు... నాలుగు... చూసే వేశాను. వేశాననే అనుకుంటున్నా."

"అనుకుంటున్నావా! నా బతుకు నీ చేతిలో పెడితే అనుకుంటున్నావా! ఆరేళ్ళయింది బావా ఈ బండి కొని. ఎండలో, వానలో, ఒక్క రోజు కూడా సెల్ఫ్ మొరాయించలేదు. తాళం తిప్పితే చాలు, లేచి కూర్చునేది. నీ చేతిలో పడ్డాకే ఈ గతి పట్టింది."

"ఒక్క రోజు కూడానా తమ్ముడూ?"

"ఒక్క రోజు కూడా. నీ మీదొట్టక్కా."

"సరేలే."

"ఏంటే సరేలే? క్యాపులు కడిగి వరసలో పెట్టింది నువ్వేగా. వరస మార్చావా?"

"లేదండీ."

"మార్చే ఉంటావు. పరధ్యానం మనిషివి. అసలు టైముకి ఒళ్ళు వంచిన రోజేది నువ్వు? మన పాపకి ఫిట్స్ వచ్చిన రోజూ ఇంతే. నేను సామాన్లకి పక్క ఊరు వెళ్ళి వచ్చేసరికి గుమ్మంలో కూర్చునే ఉన్నావు."

"తమ్ముడికి ఫోను చేశానండీ."

"చేశావు. వాడి బండి కదల్లేదు. వాడేం చేస్తాడు? నువ్వు మోసుకెళ్ళాల్సింది. పరిగెత్తాల్సింది. నాలుగేళ్ళ పిల్ల, ఏమంత బరువని?"

"బావా, ఇప్పుడెందుకు బావా అవన్నీ? పది నలభై అయింది. పని చూడు."

"నువ్వు చెప్పరా, మోసుకెళ్ళాల్సిందా, కాదా?"

"టైమైపోతోంది బావా! బండి సంగతి చూడు!"

"ఇక చూడ్డానికేం లేదురా. ఇంజను దించాలి. ఆయిలు సంపు విప్పి బేరింగులు చూడాలి. నాదే తప్పు. నాదే అయ్యుంటుంది. ఈ చేతులు విరిగిపోను. ఇక పానా పట్టనురా, ఇదే ఆఖరు."

"పడితే ఎంత, పట్టకపోతే ఎంత! నా లోడు తెచ్చిస్తావా? ముసలి గుడ్డి మేస్త్రీకి బండి ఇచ్చానే, నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి... ఆగు. మిల్లు నుంచే. హలో? వస్తున్నా సార్. దారిలోనే ఉన్నా. అబద్ధం కాదు సార్, పది నిమిషాలు... ఐదే నిమిషాలు... సార్, కాళ్ళు పట్టుకుంటా సార్... సార్?"

"ఏమన్నారు తమ్ముడూ?"

"పెట్టేశాడు. వెనకున్న బండిని లోపలికి పంపేశారట. అయిపోయింది. అంతా అయిపోయిందక్కా."

"పదకొండు దాటిందన్నమాట. ఏవండీ, కాస్త జరగండి, చెయ్యి పోవాలి... ఆఁ. ఇదిగో, పట్టుకోండి."

"ఇదేంటే? ఇది... ఫ్లైవీలు పిన్ను. బోర్డు మీద ఉందన్నావు!"

"అన్నాను. పొద్దున్న మీరు స్నానానికి వెళ్ళినప్పుడు నేనే దూర్చాను."

"పిచ్చెక్కిందా నీకు? తోడబుట్టినవాడి నోటి కాడ కూడు లాగేస్తావా!"

"అక్కా... నువ్వా? నేనేం చేశానక్కా నీకు?"

"ఈ సెల్ఫు కడిగింది నేనేరా. లోపలి బోల్టుల మీద కంపెనీ రంగు చెక్కు చెదరలేదు. దాన్ని ఎవరూ విప్పలేదు, మార్చలేదు. పాప పోయిన ఆ రోజు ఫోన్లో ఏమన్నావు నాతో? 'ఇప్పుడే వస్తా, గుమ్మంలో ఉండక్కా' అన్నావు. గంట తర్వాత, 'సెల్ఫు కాలిపోయిందక్కా, కొత్తది వేయించాలి' అన్నావు."

"అది కాదక్కా... లోడుకి పిలిచారు... ముందు అది దింపేసి వద్దామనుకున్నా. మామూలు జ్వరమే అనుకున్నానక్కా..."

"ఒరే. ఏమంటున్నావురా నువ్వు?"

"బావా, నేను..."

"వాణ్ణి తర్వాత అడుగుదురుగాని. మీకు ఎలా ఉందండీ, తప్పు చెయ్యకుండా మీ చేతుల్ని మీరే తిట్టుకోవడం? ముప్పావుగంటకే పానా వదిలేస్తానన్నారు. నేను మూడేళ్ళు పడ్డాను. నా నోటితో చెబితే నమ్ముతారా మీరు? పాపను చంపుకున్నదాన్ని కదా."

"ఒసే... నాకు తెలీదే. నిజంగా తెలీదే."

"ఇప్పుడు తెలుస్తుందిలెండి. కొట్టరా తమ్ముడూ. ఒక్క రోజు కూడా మొరాయించలేదన్నావుగా, కొట్టు సెల్ఫు. పాపని ఒళ్ళో వేసుకుని ఆ గుమ్మంలో నేను ఏ చప్పుడు కోసం ఎదురుచూశానో, మీ బావని కూడా విననీ."