గోడ మీది జడ

ఏం బాబూ, ఆ సున్నం బకెట్టు పక్కన పెట్టి కాస్సేపిలా అరుగు మీద కూర్చోకూడదూ? ఎండ చూడు ఎలా కాస్తోందో. ఏం పేరూ? అశోకా. కాకినాడ నించా! అబ్బో. మా అబ్బాయి రాజేంద్ర చెప్పాడులే, సెల్‌ఫోన్ కంపెనీవాళ్ళు మన వీధిగోడంతా రంగేసుకుంటారమ్మా, పనిలోపని ఇల్లంతా సున్నం కొట్టించి పెడతారూ అని. కొట్టు, నేనేం వద్దన్లేదు. ఆ గోడ మీద జడ బొమ్మ ఉంది చూశావూ, వెలిసిపోయింది గానీ, అది మా ఆయన వేసినదే. కింద మూల సంతకం ఉంటుంది, నువ్వే చదువుకో. పేరు నా నోట రాదు. ఆఁ, ఆయనే. మా మనవరాలు లావణ్య పుట్టకముందే పోయారు. తలనూనె కంపెనీకి బొమ్మలు వేసేవారు. నర్సాపురం నించి మొగల్తూరు దాకా రోడ్డు పక్క ఏ గోడ చూసినా ఈ జడే. ఇప్పుడిదొక్కటే మిగిలింది.

మొదట్లో జడ కాదనుకో. కంపెనీవాళ్ళిచ్చిన బొమ్మలో అమ్మాయి జుట్టు విరబోసుకుని ఉండేది. ఈయన అలాగే వేశారు, తలుపులమ్మగారని, పాలకేంద్రం పక్కన ఉండేవారులే, వాళ్ళ గోడ మీద. ఆవిడ బయటికొచ్చి చూసి, "ఏవయ్యా, నీకు బుద్ధుందా? దీపాలు పెట్టే వేళకి ఇంటిముందు జుట్టు విరబోసుకున్న ఆడదాన్ని నిలబెడతావా? చెరుపు, ముందు చెరుపు!" అని ఒకటే కేకలు. ఈయన హడలిపోయి, అక్కడికక్కడే ఆ జుట్టంతా జడ అల్లేశారు. మర్నాడు ఏజెంటు వెంకటరాజుగారు మోటార్‌సైకిలు మీద దిగారు. "నూనె అమ్మేది జుట్టు కోసమయ్యా! తాడులా అల్లేస్తే ఇంకేం కనపడుద్ది?" అని చిందులు. ఈయన తలొంచుకుని నిలబడ్డారు పాపం. కానీ చూడు, ఆ జడ చూసి ఆడవాళ్ళందరూ మా గోడ మీద వెయ్యండంటే మా గోడ మీద వెయ్యండని కబుర్లు పంపించారు. ఇంకేం, చివరికి నూనె సీసా మీద కూడా జడే వచ్చింది.

ఆ జడ నాదే. నవ్వకు! అప్పట్లో మోకాళ్ళు దిగేది. ఊరికే చూసి వేస్తే పాయలు కుదరట్లేదని, తలుపు గడియ పెట్టి ఆయనే అల్లేవారు. మా అత్తగారు బయటినించి, "మగాడు పెళ్ళానికి జడెయ్యడం ఏంట్రా, ఎవరన్నా వింటే నవ్విపోతారు" అనేవారు. ఆ రంగు మరకల వేళ్ళూ, ఆ టర్పెంటైను వాసనా... అంతా అల్లి, నచ్చలేదని విప్పేసి మళ్ళీ మొదలెట్టేవారు. నచ్చకేం, ఆ మాత్రం నాకు తెలీదూ?

మొహం ఎందుకెయ్యలేదంటావా? నేనూ అడిగాను, కోపంగానే అడిగాను, అన్ని ఊళ్ళవాళ్ళూ నన్ను వెనకనించే చూడాలా అని. "గోడ కదే. ఎవడో సినిమా పోస్టరు అంటిస్తాడు, ఎవడో కిళ్ళీ ఉమ్మేస్తాడు. నీ మొహం మీదా?" అన్నారు.

ఇప్పుడేముంది, ఇదిగో, ఈ పిలక. దువ్వెనకే ఆనదు. అయినా రోజూ పొద్దున్నే వెళ్ళి గోడ మీద ఆ జడని ఓసారి తడిమొస్తాను. నా జుట్టు పోయిందని కాదు నాయనా. ఆయన చెయ్యి తగిలిన చోటు నాకు ఇంకెక్కడుంది? మనిషి కావాలనిపిస్తుంది. ఇన్నేళ్ళయినా అలాగే అనిపిస్తుంది.

సరే, కొట్టు బాబూ, నీ పని నువ్వు చేసుకో. ఒక్కటే... పైనించి మొదలెట్టు. జడంతా అల్లేశాక కూడా ఆయన ఆ చివర వదిలేవారు కాదు, పట్టుకుని అలా కాస్సేపు కూర్చునేవారు. అదొక్కటీ ఆఖర్న... కాస్త ఆగి కొట్టు.

మజ్జిగలో ఉప్పెయ్యనా, వద్దా?