నల్లపోగు

సిరిసిల్లలో టీవీల దుకాణం. పొద్దున కొన్న టీవీని మరమగ్గాల ముసలాయన మధ్యాహ్నానికే వెనక్కి తెచ్చి, బట్టలో పోగులు లెక్కపెట్టే భూతద్దాన్ని కౌంటర్‌లోని పిల్ల ముందు పెట్టాడు.

“ఏమైంది కాకా? బొమ్మ అస్తలేదా?”

“మంచిగనే అస్తుంది బిడ్డా. కానీ గీ అద్దం పెట్టి చూస్తే అంత నల్లగీతలే. నేత పలుచగున్నది.”

“టీవీని గట్ల ఎవలన్న చూస్తరా?”

“బట్టను చూస్త. టీవీని ఎందుకు చూడద్దు?”

“ఆ నలుపు కావాలనే పెడ్తరు కాకా. లోపల ఎర్రయి, పచ్చయి, నీలియి చిన్న చిన్న దీపాలుంటయి. నడుమ నలుపు లేకుంటే ఒకదాని వెలుగు ఇంకోదాంట్ల కలిసి బొమ్మంత అలుక్కపోతది. నలుపుంటెనే ఏ రంగుకు ఆ రంగు మెరుస్తది.”

ముసలాయనకు ఇంట్లో రోజూ వినే మాట గుర్తొచ్చింది.

“చీరల ఎరుపు, పసుపు నడుమ ఒక నల్లపోగు ఎయ్యమని మా ఆమె ఎన్నేండ్ల సందో పోరు పెడ్తుంది. పెండ్లి చీరకు నలుపేందని కసిరిన.”

“మరిప్పుడు?”

“రేపే ఏస్త. టీవీని మళ్ల ఆటోల పెట్టియ్యి.”

“చిన్నమ్మ మాటే నిజమైందని చెప్తవా మరి?”

ఆయన భూతద్దాన్ని తుడిచి జేబులో వేసుకున్నాడు.

“గదెందుకు బిడ్డా? నాకే తట్టిందని చెప్త.”