ఇటలీ పిలగానికి దిష్టి చుక్క

"పెద్దబాపూ, గా గోడ మీది బొమ్మల పిలగానికి బుగ్గ మీద నల్లచుక్క ఏంది?"

అడిగినవా! ఇంటికి ఎవరొచ్చినా గదే అడుగుతరు. కూసో, చెప్త. గది ఇటలీ బొమ్మ, వందల ఏండ్ల కిందటిది. అంటే అసలుది గాదు, నేనేసిన నకలు.

మా లత ఇంటర్‌కు వరంగల్ హాస్టల్ల చేరింది గదా, నాకేమో బొల్లారం కంపెనీల షిఫ్టులు. బిడ్డకు జరమొచ్చిందని ఫోనొస్తే, ఉరికిపోదామంటే సెలవియ్యరు. బిడ్డ మొఖం నా చేత్తోనే ఆయిల్ రంగుల్ల ఏస్కుంటే ఇంట్లనన్న కండ్ల ముందుంటదని, పటాన్‌చెరుల డ్రాయింగ్ సార్ దగ్గరికి పోయిన. ఆయనేమో, "ముందు గీ ఇటలీ తల్లీపిల్లల బొమ్మ ఉన్నదున్నట్టు దించు. గది కుదిరినంకనే నీ బిడ్డ" అన్నడు.

ఏం పరేషాన్ బిడ్డా! ముందు మట్టిరంగు పూత, అది ఆరాలె. దాని మీద పల్చగ ఇంకోటి, అదీ ఆరాలె. వానకాలంల ఆరుతదా? తలుపు తెరిస్తే లారీల దుమ్మంత ఆ తల్లి ముక్కు మీదనే. మీ పెద్దమ్మ, "గీ కంపుల అన్నమెట్ల తినాలె" అని ఒకటే లొల్లి.

ఎట్లనో అయింది. చూస్తే పిలగాడు బొద్దుగ, ఒంటి మీద బట్ట లేకుంట... మనసు ఊకోలే. చుక్క పెట్టిన.

"ఇదేందయ్యా?" అన్నడు సార్.

"దిష్టి చుక్క సార్."

"అసలు బొమ్మల ఉన్నదా?"

"లేదు సార్. ఆ తల్లి మర్చిపోయినట్టుంది."

నెత్తి కొట్టుకున్నడు. చుక్కొక్కటి తుడిస్తే అయిపాయె గదా! కాదంట. "నువ్వు చూసి గీస్తలేవు, భయపడి గీస్తున్నవ్. మళ్ల మొదటికెళ్లి ఎయ్యి" అన్నడు. మళ్ల మట్టిరంగు, మళ్ల దుమ్ము, మళ్ల మీ పెద్దమ్మ.

రెండోది సక్కగ దించిన, సార్ ఉంచుకున్నడు. చుక్కదేమో గిట్ల మన గోడకెక్కింది. అప్పుడు ఇగ ఫోటో చూసి లతను మొదలువెట్టిన. ఉన్నదున్నట్టు, కనుబొమ్మ మీది గాటుతోని సహా. సెలవులకొచ్చింది, చూసింది. సంబరపడ్తదనుకుంటే, "బాపూ, గా ఇటలీ పోరనికి చుక్క పెట్టినవ్, నాకేది?" అన్నది.

"నీ ఫోటోల లేదే!" అంటే వింటదా? కంటి కాటుక ఏలితోని తీసి బొమ్మ బుగ్గకు పెట్టి, మళ్ల బస్సెక్కి పోయింది.

కాటుక ఆయిల్ మీద నిలుస్తదా, చెప్పు? బట్ట తగిలితే పోతది. అందుకే లత బొమ్మకు దుమ్ము దులపనియ్య. మీ పెద్దమ్మ రోజూ తిడ్తది. తిట్టనీ.

నువ్వు సుత రేపు హాస్టల్‌కు పోతున్నవ్ గదా. ఇటు రా, చెంప చూపియ్. ఏమేవ్, కాటుక ఏడ పెట్టినవే?... సల్లగుండు బిడ్డా. పోంగనే ఫోన్ చెయ్యి, జెర...