నూట ముప్పై ఏడు దాటాక

హలో… ఆ, నేనే అక్కా.

… షాపులోనే ఉన్నా. నీ కంప్యూటర్ ముందే.

… నాలుగుసార్లు చేశావని తెలుసు. చూసే ఎత్తలేదు.

… అరవకు, చెప్తా. బావ చదివిన పాఠాలు మధ్యలో గరగరమంటున్నాయని కదా ఇచ్చావు… అది స్పీకర్ల తప్పు కాదు.

నా తప్పు.

… ఆగు, మొదట్నించీ చెప్పనీ. బావ పోయాక నెలకి పాత డిస్కు టిక్కుటిక్కుమంటోందని పిలిచావు… ఆ. కొత్త కంప్యూటర్ కొందామంటే వద్దన్నావు, ఆయన మైకు దీనికి తప్ప దేనికీ అతకదని… సరేలే, నిన్నేమనట్లేదు. అందుకే దీంట్లోనే ఐదొందల జీబీ డిస్కు పెట్టా. ముసలి మిషను కదా — నూట ముప్పై ఏడే చూపించింది.

… మిగతాది దాని కంటికి ఆనలేదు, అంతే. అక్కడితో వదిలేస్తే పోయేది. ఇరవయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నా, ఇది నా మాట వినకపోవడమేంటని పంతం! ఏవో సెట్టింగులు తిప్పి ఒప్పించా. తెరమీద ఐదొందలు కనపడగానే చంకలు గుద్దుకున్నా.

… ఒప్పుకుంది కానీ, దానికంత లెక్క రాదక్కా. నూట ముప్పై ఏడు దాటాక ఎక్కడ రాయాలో తెలీక మళ్ళీ మొదటికొచ్చి రాస్తుంది. అక్కడున్నదాని మీదే.

… మొదట్లో ఉన్నది బావ. అంధుల బడికి చదివిన పాఠాలన్నీ.

… నిండకేం? నువ్వు నింపావు. అక్కా… రోజూ మధ్యాహ్నం ఆ మైకు ముందు కూర్చుని నువ్వేం చేస్తున్నావో విన్నాను.

… వినాలని కాదు! ఏది మిగిలిందో చూడాలంటే తెరవాలి కదా. "కొళాయి బాగుచేయించా" అని… "నీ కుర్చీ తీసేయమంటున్నారు, తియ్యను" అని… ఆయనకి. తొమ్మిది నెలలు. రోజూ మాట్లాడాక రికార్డింగు ఆపడం మర్చిపోయి, సాయంత్రం దాకా ఉత్త గది చప్పుడు.

… అదే. నీ మాటలే ఆయన మాటల మీద.

… ఏడవకు… కాదు, ఏడువు. నేనూ పొద్దున్నించీ అదే పని.

… పాత డిస్కా? … తుడిచేశా. కాపీ అవగానే తుడిచేయడం మా షాపులో అలవాటు. కాపీ విని చూడాలన్న బుద్ధి పుట్టలేదు.

… రెండు డిస్కులూ పెద్ద ల్యాబ్‌లో చూపించా. ఇక రాదన్నారు.

… తిట్టు. ఎంత తిట్టినా పడతా.

… ఒక్కటుంది. సగం. వర్షం ఎలా పడుతుందో చెప్పే పాఠం. మధ్యలో బావకి దగ్గొచ్చి, మైకు ఆపకుండానే నిన్ను పిలుస్తాడు చూడు…

… ఆ, అదే. "ఎక్కడున్నావ్? వినపడుతోందా?" ఆ మాట వరకూ ఉంది.

… తర్వాత నువ్వు.

… వంటింట్లోంచి అరిచిన అప్పటి నువ్వు కాదు. పోయిన నెలది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు. ఆయన పక్కనే కూర్చున్నట్టు, "ఇక్కడే ఉన్నా" అంటావు.

— నేను అతికించలేదు! ఒట్టు. అదే అలా వచ్చి పడింది. ఇందాక పక్క షాపాయన తొంగిచూసి, మీ అక్కాబావా వచ్చారా అనడిగాడు.

… ఇప్పుడా? ఫోన్లోనా?

… కూర్చున్నావా ముందు? … గోడకి ఆనుకో. ఉండు, షట్టరు దించుతా, బండ్ల రొద… ఆ, దించా.

… ఏంటీ? … ఆయన పిలవగానే ఆపెయ్యాలా? నీ గొంతు రాకముందే? ఎందుకు—

…

సరే అక్కా. ఈసారి నువ్వే పలుకు.

నేను వినను. ఫోను స్పీకర్ దగ్గర పెడుతున్నా…