జానెడు తెరిచిన తలుపు

1988 జూన్ ఆరవ తేదీ, సోమవారం ఉదయం, మానసిక చికిత్సాలయపు స్త్రీల వార్డులో నర్సుగా చేరిన మన పెద్ద సిస్టర్‌గారు, లోపల అడుగుపెట్టగానే వెనుక తాళం పడిన చప్పుడు విని, ఆ పూటే తిరిగి వెళ్ళిపోదామనుకున్నారు. వార్డు చివర ఎవరో అదేపనిగా నవ్వుతున్నారు. అది తనను చూసేనని వారి అనుమానం. ఈనాడు పదవీ విరమణ చేస్తున్న వారి సుదీర్ఘ సేవాజీవితం గుండెదడతోనే ఆరంభమైంది.

తాళం చప్పుడుకు తనకే ఇంత దడ పుడితే, తాళంచెవి చేతిలో లేనివారి మాటేమిటన్న ఆలోచన వారిని వదలలేదు. నాటినుంచి, బయట గడియ ఉన్న గదికైనా సరే, తలుపు తట్టి "రావచ్చా?" అని అడగకుండా వారు లోపలికి వెళ్ళలేదు. రోగులు "టకటక సిస్టర్" అని పేరు పెట్టేశారు.

వార్డు బాధ్యతలు స్వీకరించాక కొత్త నర్సులకు వారు చెప్పిన పాఠాలు సరళమైనవి. కోపంగా కనిపించేది చాలాసార్లు భయమే. రోగి భ్రమతో వాదించకూడదు, అవునని తల ఊపనూకూడదు. అది పెట్టే బాధను మాత్రం ఒప్పుకోవాలి. రోగి గదిలో ఉన్నంతసేపూ తలుపు మూయకూడదు.

ఒక మధ్యాహ్నం ఈ చివరి పాఠాన్ని కొత్తగా చేరిన చిన్న సిస్టర్ మరిచిపోయింది. చీర మార్చుకుంటానన్న రోగికి మరుగు కావాలని, మర్యాదకొద్దీ తలుపు దగ్గరగా వేసింది. తననెవరో చంపడానికి పొంచి ఉన్నారని నమ్ముతున్న ఆ రోగి, ఒక స్కూలు టీచరు, మంచాన్ని తలుపుకు అడ్డంగా లాగి, పగిలిన అద్దం ముక్క చిన్న సిస్టర్ మెడకు ఆనించింది. తలుపు పగలగొట్టడానికి సిద్ధమైన సిబ్బందిని పెద్ద సిస్టర్‌గారు దూరంగా పంపి, మెల్లగా తట్టారు.

"ఎవరూ?"

"నేనండీ టీచరుగారూ, టకటకని. రావచ్చా?"

"వస్తే దీని గొంతు కోసేస్తా!"

"రానండీ. ఇక్కడే నేలమీద కూర్చుంటా. నాకూ కాళ్ళు వణుకుతున్నాయి."

"మీకెందుకు వణుకు? మీరంతా ఒకటేగా, నన్ను చంపడానికి!"

"చంపేవాళ్ళెవరూ నాకు కనిపించట్లేదండీ. కానీ మీ భయం మాత్రం నిజం. తలుపు మూసేసరికి ఎక్కువైందా?"

లోపలినుంచి చిన్న సిస్టర్ ఏడుపు వినబడకపోవడమే వారిని ఎక్కువగా భయపెట్టింది.

"ఇదే మూసింది..." అంది టీచరు.

"మాదే తప్పు. మీరే తెరవండి. బార్లా వద్దు, జానెడు చాలు. నేను కనబడతా, చూసుకోండి."

మంచం కిర్రుమంది. తలుపు జానెడు తెరుచుకుంది. కాసేపటికి అద్దం ముక్క నేలమీద జారుతూ బయటికి వచ్చింది.

తర్వాత ఆయా ఇచ్చిన టీ గ్లాసు వారి చేతిలో నిలవలేదు.

"ఏంటమ్మా, తాగుతున్నారా, నేలకు పోస్తున్నారా?"

"నేలకీ భయమేసుంటుందే, దాన్నీ కాస్త తాగనీ!"

ఇంట్లోనూ వంటగది తలుపు తట్టే ఈ అత్తగారిని చూసి, "ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నా అత్తయ్యా, కరవను, రండి" అంటుంది కోడలు.

నిన్న తాళాలు అందుకోబోతున్న కొత్త ఇన్‌ఛార్జి, నాటి చిన్న సిస్టరే, చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"వణుకుతోందా?" అడిగారు పెద్ద సిస్టర్‌గారు.

"అవునమ్మా. మీరుండరుగా. మళ్ళీ నేనే ఎక్కడో తలుపు మూసేస్తానేమోనని."

"హమ్మయ్య! ఆ భయం ఉన్న చేతికే ఇవి ఇవ్వాలి" అని తాళాలు ఆ చేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలనీ, ఇకమీదట వారు తట్టే ప్రతి తలుపు వెనుకనుంచీ "రండి" అన్న పిలుపే వినిపించాలనీ మనసారా కోరుకుంటున్నాము.