బొమ్మ రాలేదండీ

పక్కపక్కనే రెండు డాబాలు, మధ్య ఒక పిట్టగోడ. ఇటు తన డిష్ తిప్పుతూ తమ్ముడు, అటు తన డిష్ విప్పుతూ అన్న. కింద టీవీ గదిలో, కిటికీ తెరిచి, తమ్ముడి భార్య. ఎదురు కిటికీలో అన్న భార్య సామాను సర్దుతోంది.

“ఇప్పుడు వచ్చిందా?”

“రాలేదండీ.”

“ఇప్పుడో?”

“అసలు డిష్ తిప్పారా మీరు?”

“తిరగట్లేదు. నట్టు తుప్పు పట్టింది. ఇంట్లో పానా ఉందేమో చూడు.”

“పానా మనింట్లో ఎప్పుడుంది? పక్క డాబా మీద బావగారి చేతిలో ఉంది. అడగండి.”

“ఎవర్నీ అడగక్కర్లేదు.”

“రేపు లారీ ఎక్కి ఊరే మారిపోతున్నారు. తర్వాత అడుగుదామన్నా ఉండరు.”

“నువ్వు టీవీ చూడు.”

“చూస్తూనే ఉన్నాను.”

“కొందరు ఉత్త చేత్తో నట్టు తిప్పుతారు. బలమైన మనుషులు.”

“కొందరు తమ డిష్ విప్పుకుంటూ పక్క డాబా మీద కళ్ళేస్తారు.”

“నా కళ్ళు ఉపగ్రహం మీద ఉన్నాయి.”

“పట్టపగలు కనపడుతోందా?”

“కనపడదు. ఉంటుంది. భూమితోపాటే తిరుగుతుంది కాబట్టి మనకి ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. నా నీళ్ళ ట్యాంకు నీ టీవీ బొమ్మకి అడ్డమన్నావు చూడు, ఆ ఉపగ్రహం ట్యాంకు నెత్తి మీంచి నీ డిష్‌ని రోజూ చూస్తూనే ఉంది.”

“ఏదో కోపంలో అన్నాను.”

“ట్యాంకునంటే పడేవాణ్ణి. నన్ను కూడా అడ్డమేనన్నావు.”

“ఏవండీ, ఇంకా రాలేదు.”

“ఉండవే. పానా ఇస్తావా?”

“ఎవర్ని అడుగుతున్నావు?”

“నిన్నే.”

“నిన్నే అంటే?”

“నిన్నే, అన్నయ్యా.”

“ఇదిగో. అటు కాదు, అటు తిప్పితే ఊడి చేతికొస్తుంది. ఉండు, గోడ దాటి వస్తాను. నేను వెనక పట్టుకుంటాను, నువ్వు బిగించు. ఒరేయ్, ఇది సరిగ్గానే ఉందిరా. ఇన్నాళ్ళూ నాది ఎటు చూసిందో నీదీ అటే చూస్తోంది.”

“మరి రాలేదంటోందిగా.”

“అయితే కానియ్యి, ఇంకోసారి బిగించు.”

“అన్నయ్యా.”

“ఊఁ.”

“నువ్వు వెళ్ళిపోతే ఈ డాబా ఎక్కబుద్ధి కాదు నాకు.”

“నట్టు చూడరా.”

“చూస్తున్నాను.”

“చూడట్లేదు. ఏడుస్తున్నావు.”

“తుప్పు కళ్ళలో పడింది.”

“నాకూ పడింది. బాగానే పట్టింది దీనికి.”

“అక్కా, ఆ అట్టపెట్టె వదిలేసి కిటికీ దగ్గరకి రా. బావగారు గోడ దాటారు.”

“చూశాను. మోకాళ్ళ నొప్పులని మంచినీళ్ళు కూడా లేచి తెచ్చుకోరు.”

“కొత్తింటికి ఈ డిష్ కూడా మోసుకెళ్ళాలా అక్కా?”

“అక్కడ ఒకటుంది. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. విప్పుకు రమ్మని పైకి పంపాను, మరిది కంట పడతారని.”

“ఆయన ఎక్కడం చూసే నేనూ మావారిని ఎక్కించాను.”

“ఏమే, వచ్చిందా?”

“రాలేదండీ. ఇద్దరూ కలిసి ఇంకాస్త చూడండి.”

“పాపమే. ఇంతకీ మీ టీవీకి ఏమైంది?”

“ఏమీ కాలేదు. మెల్లగా మాట్లాడక్కా, సౌండు తీసేసి సీరియల్ చూస్తున్నాను.”