ఆఖరి కుస్తీకి ముందు

నరీన్ కొండల్లో ఒక ఊరి బడి. మార్చి నెల, మధ్యాహ్నం. వ్యాయామశాల వెనక బొగ్గులు పోసే గదిలో అన్న తాలాయ్, చెల్లెలు బురుల్చా.

“బూట్లు ఇలా ఇవ్వు.”

“ఇవ్వను.”

“బురుల్చా, ఆటలాడకు. లోపల చిన్నపిల్లల కుస్తీలు అయిపోవస్తున్నాయి. ఆ తర్వాత నాదే.”

“తెలుసు. అందుకే తీసుకొచ్చాను.”

“మాస్టారు ఒళ్ళు వేడెక్కించుకోమన్నారు. నువ్వేమో ఉత్త కాళ్ళతో నన్ను బొగ్గుల్లో నిలబెట్టావు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?”

“ఏమన్నా అనుకోనీ. ముందు నేనడిగినదానికి చెప్పు. ఇందాక కుస్తీ గెలిచాక గోడ ఎందుకు పట్టుకున్నావు?”

“ఏ గోడ?”

“తలుపు పక్క గోడ. రెఫరీ నీ చెయ్యి పైకెత్తాడు, అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వు కుస్తీ పరుపు దిగి వచ్చి, కళ్ళు కనబడనివాడిలా గోడ తడుముకున్నావు.”

“ఆకలి. బరువు తగ్గాలని నిన్నంతా ఏం తినలేదు. ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి.”

“పొద్దున బరువు చూశాక తిన్నావుగా. అమ్మ తెచ్చిన మాంసం తిన్నావు, రొట్టె తిన్నావు. టీ పోసింది నేనే.”

“నువ్వేమైనా పోలీసువా?”

“నీ చెల్లెల్ని.”

“చెల్లెలివైతే లోపల కూర్చుని నా పేరు పెట్టి కేకలెయ్యి. ఎలాగూ నీకు వేరే పనేం లేదు. ఈ ఊళ్ళో మొదటిసారి ఆడపిల్లల జట్టు కట్టారు, అందులో నువ్వే గట్టిదానివని మాస్టారు ఊరూరా చెప్పుకొచ్చారు. తీరా పొద్దున కడుపునొప్పని మూల కూర్చున్నావు. పక్కూరి పొట్టిపిల్లని చూసి జడిశావంటున్నారు అందరూ.”

“అననీ.”

“నిజంగా జడిశావా?”

“నా సంగతి తర్వాత. నీది చెప్పు.”

“నాది చెప్పడానికేం లేదు.”

“ఎండాకాలం మందతో కొండమీద ఉన్నప్పుడు ఏం జరిగింది?”

“మళ్ళీ అదేనా. ఎండదెబ్బ అని అప్పుడే చెప్పాను కదా.”

“ఆ రోజు ఎండెక్కడుందన్నా? తెల్లారి వడగళ్ళు పడ్డాయి. అమ్మ గుడారం చుట్టూ నీళ్ళు పోవడానికి కాలవ తవ్వుతోంది. గుర్రప్పిల్ల తాడు తెంపుకుంటే నువ్వు దాని వెనకాల ఎగువకి పరిగెత్తావు. నేను కింద నిలబడి చూస్తున్నాను. పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఉన్నవాడివి పడిపోయావు. కాలు తట్టుకుని పడేవాడు చేతులు ముందుకి పెడతాడు. నువ్వు పెట్టలేదు. మొహమే వెళ్ళి నేలకి కొట్టుకుంది.”

“రాయి తగిలింది.”

“నాటకాలాడుతున్నావనుకున్నాను. నవ్వుకుంటూ, నెమ్మదిగా ఎక్కి వచ్చాను. లే, అదిగో అది పారిపోతోంది అన్నాను. వెల్లకిలా తిప్పితే కళ్ళు సగం తెరుచుకునే ఉన్నాయి. నన్ను చూట్టం లేదు. పెదాలు బూడిద రంగులో...”

“చాలు.”

“చెంపల మీద కొట్టాను. ఛాతీ మీద గుద్దాను. అమ్మ వైపు చెయ్యి ఊపాను, తను వంగి తవ్వుతూనే ఉంది. ఆ తర్వాత నువ్వు ఊపిరి పీల్చిన చప్పుడు ఉంది చూడు, అది నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది. కళ్ళు తెరిచి మొట్టమొదట ఏమన్నావో గుర్తుందా?”

“లేదు.”

“అమ్మకి చెప్పకు అన్నావు. నేను ఏడుస్తుంటే, చెప్పకుండా ఉంటే నెల్లాళ్ళు నీ గుర్రం నాకిస్తానన్నావు. ఇచ్చావు కూడా. ఎక్కిన ప్రతిసారీ నువ్వు పడిన చోటు తప్పించి చుట్టూ తిరిగెళ్ళేదాన్ని.”

“ఒక్కసారి జరిగింది. ఒక్కసారి ఎవరికైనా జరుగుతుంది.”

“ఒక్కసారేనా?”

“ఒక్కసారే.”

“మరి చలి మొదలైనప్పుడు, మాస్టారు మన జట్టంతటినీ శ్మశానం గుట్ట ఎక్కి దిగమన్న రోజు? బూటుతాడు ఊడిందని సగంలో కూర్చున్నావు. నేను నీ వెనకే ఉన్నాను. కట్టి ఉన్న తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నావు.”

“నా కాళ్ళవంక చూస్తూ పరిగెడతావా నువ్వు?”

“ఆ కొండమీద చూసిన తర్వాత నిన్నే చూస్తూ పరిగెడుతున్నాను. నువ్వు గోడ వైపు తిరిగి పడుకుంటే దుప్పటి కదులుతోందో లేదో చూసుకుని గానీ నేను కళ్ళు మూయను.”

“పిచ్చిదానా.”

“ఎన్నిసార్లు వచ్చింది, చెప్పు.”

“చెప్తే బూట్లిస్తావా?”

“ముందు చెప్పు.”

“పడటం ఆ ఒక్కసారే. అమ్మ తోడు. మిగతావి పడేదాకా రాలేదు. ఛాతీలో ఏదో తన్నినట్టుంటుంది. కొట్టంలో కట్టేసిన గుర్రం తలుపు తన్నుతుంది చూడు, అలా. తర్వాత చప్పుడుండదు. జనం అరుపులు ఉండవు, మాస్టారి గొంతు ఉండదు. నేనెక్కడికో వెళ్ళిపోతాను. మళ్ళీ వస్తాను.”

“ఇందాక కూడా అంతేనా?”

“ఇందాక కాస్త ఎక్కువసేపు.”

“అన్నా...”

“ఏడవకు. ఏడిస్తే ఇంకేం చెప్పను.”

“ఏడవట్లేదు. నీకు భయం వెయ్యదా?”

“వెయ్యకుండా ఎలా ఉంటుందే? విజిల్ మోగగానే నాకు ఎదుటివాడు గుర్తుండడు. ఇదే గుర్తుంటుంది. వస్తుందా, రాదా, ఇప్పుడా, ఇంకాసేపటికా అని. అందుకే ఎవడొచ్చినా ముందే మీదపడి చిత్తు చేసేస్తాను. ఊళ్ళో అందరూ తోడేలు అంటున్నారు నన్ను. వీడు ఎదుటివాణ్ణి ఊపిరి కూడా తీసుకోనివ్వడని మాస్టారు మురిసిపోతుంటారు. నా ఊపిరి కోసం తొందరపడుతున్నానని ఆయనకేం తెలుసు?”

“మరి ఎందుకు దిగుతావు?”

“లోపల నాన్నని చూశావా?”

“చూశాను.”

“చలికాలం మొత్తంలో ఆయన మందని వదిలి కిందికి దిగింది ఇవాళే. మంచులో గుర్రం మీద వచ్చాడు. కొత్త టోపీ పెట్టుకున్నాడు. ఊరి పెద్దవాళ్ళు జరిగి ముందు వరసలో చోటిచ్చారు. ఆయనకి ఎప్పుడైనా ఎవరైనా జరిగి చోటిచ్చారా, చెప్పు. రాజధాని బిష్కెక్ నుంచి వచ్చినాయన, ఈ కుస్తీ కూడా గెలిస్తే మీవాణ్ణి ఆటల బడిలో చేర్చుకుంటాం, తిండి, బట్ట, చదువు మాదే అన్నాడట. నాన్న అది విని బయటికెళ్ళి, సరిగ్గా ఉన్న జీనునే మళ్ళీ సర్దుతూ నిలబడ్డాడట. మాస్టారు చెప్పారు.”

“నువ్వు పరుపు మీద పడి లేవకపోయినా ఆ ముందు వరసలోంచే చూస్తాడు.”

“నోరు ముయ్యి.”

“ఎర్మెక్ మామ సంగతి చెప్పనా?”

“ఆయన సంగతి ఇప్పుడెందుకు?”

“అమ్మ తమ్ముడు కాబట్టి.”

“గుర్రాల మీద జట్లుగా ఆడే పోటీలో కిందపడి చనిపోయాడు. అందరికీ తెలిసిందే.”

“పడి చనిపోలేదట. చనిపోయి పడ్డాడట.”

“ఎవరన్నారు?”

“అమ్మమ్మ. పోయిన వారం ఇద్దరం ఉన్ని ఏరుతుంటే అడిగాను. ముందు తిట్టింది. కాసేపటికి తనే చెప్పింది. అప్పటికి పోటీ అయిపోయిందట. మామ జట్టే గెలిచిందట. గుర్రం కదలకుండా నిలబడే ఉందట. జనం వైపు చెయ్యి ఊపుతూ నవ్వుతూ ఉన్నవాడు అలాగే పక్కకి ఒరిగాడట. దిష్టి తగిలిందన్నారట. ఆ మాటెత్తితే అమ్మ లేచి బయటికెళ్ళిపోతుందని ఇంట్లో ఎవరూ ఎత్తరట. మామకి అంతకుముందు ఎప్పుడైనా కళ్ళు తిరిగేవా అని అడిగాను. అమ్మమ్మ చేతిలో ఉన్ని చేతిలోనే ఉండిపోయింది. ఎందుకడుగుతున్నావే అంది.”

“నువ్వేమన్నావు?”

“ఊరికే అన్నాను.”

“బూట్లివ్వు.”

“అన్నా, విను...”

“నాకు మామ పోలిక లేదు. ఆయన సన్నగా, రివటలా ఉండేవాడట. నాది నాన్న పోలిక, నా ఎముక చూడు. ఈ ఒక్క కుస్తీ కానీ. తర్వాత నువ్వు ఏ డాక్టరు దగ్గరికి రమ్మంటే అక్కడికొస్తాను.”

“రావు. గెలిస్తే బిష్కెక్ వెళ్ళిపోతావు. అక్కడ నీ దుప్పటి ఎవరు చూస్తారు?”

“సరే, ఇప్పుడెళ్ళి మాస్టారికి చెప్పాననుకో. లోపల నాతో కుస్తీ పట్టాల్సిన కుబాత్ నా కోసం ఎదురుచూస్తున్నాడు. వాణ్ణి చూసి పారిపోయాననుకుంటారు. అది పోనీ. జబ్బువాడు అనే మాట ఒకటి పడుతుంది నా మీద. ఈ లోయలో అది పడిందంటే పోదు. మంద వెనక కూడా ఒంటరిగా పంపరు. పిల్లనివ్వడానికి వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే చెవులు కొరుక్కుంటారు. ఎవరూ చూడనంతవరకు నాకేమీ లేదు. అర్థమైందా? ఏమీ లేదు.”

“సబీరా అక్క చూస్తే?”

“ఆరోగ్య కేంద్రంలో నర్సు సబీరా అక్కా?”

“ఊఁ.”

“ఆవిడ దగ్గరికి వెళ్ళావా నువ్వు?”

“మొన్న వెళ్ళాను.”

“నా పేరు చెప్పావా?”

“లేదు.”

“ఇటు చూసి చెప్పు. ఆవిడ మాస్టారికి మరదలు. ఆవిడకి తెలిసిందంటే ఈపాటికి ఆయనకి...”

“చెప్పలేదు అంటున్నాను కదా. పరిగెడుతుంటే ఒకళ్ళకి ఛాతీలో అదోలా ఉంటోంది, ఒకసారి పడిపోయారు కూడా, అదేంటక్కా అని అడిగాను. ఒకళ్ళంటే ఎవరే అంది. నేనే అన్నాను.”

“నువ్వే అన్నావా?”

“ఇంకెవర్ని చెప్పను?”

“దానికావిడేమంది?”

“ముందు నవ్వింది. ఈ వయసులో ఆడపిల్లలకి రక్తం తక్కువుంటుంది, కాలేయం వండించుకుని తిను అంది. నాకు టీ పోసింది. మా మేనమామ ఇలా పోయాడు అని చెప్పేసరికి తన గిన్నె కింద పెట్టేసింది. ఇది రక్తసంబంధంలో వస్తుంది అంది. గుండె కండ దళసరిగా పెరిగిపోతుందట. బయటికి ఏమీ తెలీదట. గట్టిగా ఉన్నవాళ్ళే, ఆటలాడేవాళ్ళే, ఉన్నట్టుండి పోతారట. నరీన్ పట్నం ఆస్పత్రిలో యంత్రం పెట్టి చూస్తే తేలిపోతుందట. చూసేదాకా గుట్టలెక్కకూడదు, కుస్తీ పట్టకూడదు అంది.”

“అంటుంది. పోయిన ఏడు నాన్న మోకాలికి ఉల్లిపాయ కట్టమన్నది కూడా ఆవిడే. మానిందా?”

“అన్నా, నాకు భయంగా ఉంది.”

“నాకూ ఉంది. అయినా దిగుతాను. విన్నావా, చప్పట్లు. చిన్నవాళ్ళది అయిపోయింది. ఇటివ్వు.”

“ఇవ్వను.”

“లాక్కోమంటావా?”

“లాక్కో.”

“చెయ్యి తియ్యి. బురుల్చా, తియ్యమంటున్నానా. మెలితిప్పకు, ఆ పట్టు నీకు నేర్పిందే నేను. వదులు... కొరుకుతావేంటే? సరే, సరే, వదిలేశాను. ఆగు. ఎందుకలా రొప్పుతున్నావు?”

“ఏం లేదు. బొగ్గుపొడి.”

“కూర్చో కాసేపు. ఆ బస్తా మీద కూర్చో. చూడమ్మా, నా మీద ప్రేమతోనే ఇదంతా చేస్తున్నావు, నాకు తెలుసు. కానీ సబీరా అక్క నన్ను చూడనే లేదు. నా నాడి పట్టుకోలేదు. నా గుండె చప్పుడే వినకుండా అందులో జబ్బుందని ఆవిడకెలా తెలుస్తుంది?”

“నీ గుండెలో ఉందని ఆవిడ అనలేదు.”

“మరి?”

“నేనే అని చెప్పాను కదా. అయితే చొక్కా పైకెత్తు, వింటాను అంది. అబద్ధమాడాను కాబట్టి ఎత్తాల్సి వచ్చింది. ఛాతీ మీద ఆ బిళ్ళ చల్లగా తగిలితే నవ్వొచ్చింది కూడా. కూర్చోబెట్టి వింది. గొంతుక్కూర్చోమంది, లేవమంది, మళ్ళీ వింది. బయట కుక్క మొరుగుతుంటే వెళ్ళి దాన్ని తరిమేసి, కిటికీ మూసి, మళ్ళీ గొంతుక్కూర్చోమని, లేవమని, వింది. అప్పటికి ఆవిడ మొహంలో నవ్వు లేదు. నా తల నిమిరి, మీ అమ్మని తీసుకురా, నరీన్ వెళ్దాం, అప్పటిదాకా పరుపెక్కకు అంది.”

“నన్ను ఆపడానికి చెప్తున్నావు.”

“కాదు.”

“ఆపడానికే. కదా?”

“నేనెప్పుడూ పడలేదన్నా. నాకెప్పుడూ కళ్ళు కూడా తిరగలేదు. నేను చెప్పింది నీకొచ్చేవి. ఆవిడ విన్నది నా గుండె.”

“అమ్మకి చెప్పావా?”

“లేదు. ఒక్కదాన్నే చెప్పలేకపోయాను. అన్నా, మైకులో నీ పేరు పిలుస్తున్నారు. మళ్ళీ పిలుస్తున్నారు.”

“పిలవనీ. అమ్మ ఎటువైపు కూర్చుంది?”

“నాన్న వెనకాల. నువ్విక్కడే ఉండు, నేను పరిగెత్తుకెళ్ళి పిలుచుకొస్తాను.”

“పరిగెత్తకు. నా చెయ్యి పట్టుకుని మెల్లగా నడు.”